అక్కను అడగాల్సిన మాట

బచేలి,
9 జూన్ 2002

అక్కకు భూషణం నమస్కారాలు.

బావ మోకాలి నొప్పి తగ్గిందని అనుకుంటున్నాను. మేం ఇక్కడ బాగున్నామని రాయబోయి, ఆ ముక్క రాయలేకపోయాను. బుల్లమ్మ బాగుంది. నేనే బాగాలేను అక్కా.

కంగారు పడకు. జ్వరం కాదు, దెబ్బ తగల్లేదు. వేసవి మొదలైనప్పటి నుంచి పొద్దున లేవడమే కష్టంగా ఉంది. కొండ మీది ఇనుప ఖనిజాన్ని కిందికి మోసే బెల్టు దగ్గర కదా నా పని. పెళ్లికి ముందు నుంచీ ఆ చప్పుడులోనే బతికాను, ఏనాడూ అది చప్పుడని కూడా అనిపించలేదు. ఇప్పుడు సైరన్ వినపడితే చాలు, అరచేతులు తడిసిపోతున్నాయి. ఒకరోజు బెల్టు పక్కన నిలబడి ఉంటే నా కాళ్లు నన్ను అడగకుండా ముందుకు నడుస్తాయేమోనని భయం వేసింది. రెండు చేతులతో కంచె పట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. దూకాలని లేదు. దూకేస్తానేమోనని భయం. ఈ రెంటికీ తేడా ఉందని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పుడు మాత్రం తెలియలేదు.

ఆ మర్నాడు డ్యూటీకి పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు. బుల్లమ్మ నా మంచం పక్కన నిలబడి, "ఏందయ్యా, ఇయ్యాల గూడ ముసుగేసుకొని పండితే ఎట్ల? నోరిప్పి చెప్పు, లేకుంటె దవాఖానకు నడువ్" అంది. నోరు రాలేదు. అందుకే ఆసుపత్రికి నడిచాను.

ఇక్కడ సత్యమూర్తి అనే డాక్టరు ఉన్నాడు, విశాఖ వైపు మనిషి. మనసు జబ్బులు చూస్తాడు. డిప్రెషన్ అన్నాడు. మాత్రలు రాశాడు. మాత్రలతో పాటు వారం వారం వచ్చి తనతో మాట్లాడాలన్నాడు. మాట్లాడటం అంటే నువ్వనుకునేట్టు ఓదార్పు కాదు. "నిన్న లేవలేకపోయినప్పుడు మీ మనసులో ఏ మాట తిరిగిందండీ?" అని అడుగుతాడు. ఎందుకూ పనికిరానని తిరిగిందంటే, "సరే, దానికి రుజువులేంటి? కాదనడానికి ఏమున్నాయి?" అంటాడు. అచ్చం వకీలే. మొదట నవ్వొచ్చింది. కానీ కొన్ని ఆలోచనలు ఆ ప్రశ్న ముందు నిలబడలేకపోయిన మాట నిజం.

ఒక్కటి మాత్రం కదలదు. అమ్మ పోయినట్టే నేనూ పోతానని. అమ్మ ఎలా పోయిందని డాక్టరు అడిగాడు. తాలిపేరు వాగులో కాలు జారిందని చెప్పాను. "మీరు చూశారా?" అన్నాడు. నేను చూడలేదు, పిల్లవాణ్ణి. నువ్వు అప్పటికే పెద్దదానివి, ఒడ్డునే ఉన్నావు.

అక్కా, అమ్మ నిజంగా కాలు జారే పోయిందా?

నీ తమ్ముడు
భూషణం


ఆవపల్లి,
21 జూన్ 2002

తమ్ముడు భూషణాన్ని, మరదలు బుల్లమ్మను దీవించి సారలమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం చదివితే ఒళ్లు చల్లబడింది. బావకు సగమే చదివి వినిపించాను, బెల్టు దగ్గరి సంగతి మింగేశాను. నువ్వు మాత్రలు మానవద్దు. బుల్లమ్మ చేతికివ్వు, ఆమే వేస్తుంది. కంచె దగ్గర పని వద్దని మీ సాహెబ్‌ను అడుగు, సిగ్గుపడకు.

ఇక ఆ మాటల వైద్యం నాకు నచ్చలేదు. పోయిన తల్లిని బోనెక్కించి రుజువులు అడగడం ఏం వైద్యం? అమ్మ కాలు జారి పోయింది. నాన్న అదే చెప్పాడు, ఊరంతా అదే అంది, నేనూ అదే చెప్తున్నాను. మళ్లీ అడగకు.

మాట్లాడే వైద్యం మా దగ్గరా ఒకటి ఉంది, వింటే నీకే తేడా తెలుస్తుంది. మా పక్కింటి నందే బిడ్డ ఎండాకాలంలో జ్వరంతో పోయింది. అప్పటి నుంచి నందే తిండి మానేసింది. సంత రోజున ఇక్కడి చిన్న దవాఖాన వరండాలో సోమమ్మ ఆడవాళ్లను కూర్చోబెడుతుంది. భద్రాచలం వైపు మనిషి. నందే ఒక్కతే పోనంటే నేను తోడు వెళ్తున్నాను. అక్కడ ఎవరూ రుజువు అడగరు. లోపల ఉన్నదానికి పేరు పెట్టమంటారు, దుఃఖమా, కోపమా, భయమా అని. ఒంట్లో ఎక్కడ పట్టుకుందో చెప్పమంటారు. "రొమ్ముల కాడ పట్టుకున్నది, రాయి లెక్క" అంది నందే. కళ్లు మూసుకుని ఊగిపోతూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. అది దిగేదాకా అందరం పక్కనే ఉన్నాం. చివరికి "దిగింది" అని నీళ్లు అడిగింది.

వానలు మొదలైనట్టే ఉన్నాయి. ఈ ఏడు పెరట్లో బీర, సొర పెట్టలేదు. ఇప్పపువ్వు ఏరడానికి కూడా వెళ్లలేదు. ఓపిక లేదు, అంతే. బావ అడిగితే వయసు మీద పడిందన్నాను.

నేను బాగున్నాను. నీ గురించే బెంగ.

మీ అక్క
సారలమ్మ


బచేలి,
2 జూలై 2002

అక్కకు నమస్కారాలు.

ఇంతకీ ఆ సోమమ్మ ఎవరు? దేవుడు పూనే మనిషా? కళ్లు మూసుకుని ఊగడం, ఒంట్లో పట్టుకోవడం, దిగడం... ఇదంతా చదివితే బుల్లమ్మకూ నాకూ గుండె జారిపోయింది. "మీ అక్క పూనకాలోళ్ల కాడికి పోతున్నదా ఏంది? అట్ల పోయినోళ్లను వేపమండలతో కొడతరు" అని ఏడుస్తోంది. నీకేం జబ్బు లేదు, నువ్వెందుకు వెళ్లాలి? నందే కోసమైతే ఆమెను బీజాపూర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. నా మీద ఒట్టు, ఆ వరండా ఎక్కకు.

నా సంగతి. పని మార్చారు, ఇప్పుడు స్టోర్‌లో కూర్చుంటున్నాను. డాక్టరు ఇంకో పద్ధతి మొదలుపెట్టాడు. మనసు బాగయ్యాక లేద్దామని చూడొద్దట, బాగాలేకపోయినా చిన్న పనులు చేసుకుంటూ పొమ్మన్నాడు. స్నానం, బజారు దాకా నడక, ఎవరో ఒకరితో ఒక్క మాట. మొదటి రోజు బజారు దాకా వెళ్లి, జనాన్ని చూసి గోడ పక్కన నిలబడిపోయాను. ఎర్ర దుమ్ము పట్టిన ఆ గోడ తప్ప ఇంకేదీ చూడలేదు. తర్వాత నిమ్మకాయలు కొన్నాను. ఇంటికి వచ్చాక కాస్త గాలి ఆడినట్టు అనిపించింది. మొన్న మాత్రం అన్నం చల్లగా ఉందని కంచం విసిరేశాను. బుల్లమ్మ మెతుకులు ఏరుతుంటే ఆ చేతులు చూడలేకపోయాను. కోపం ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. వచ్చిపోయాక భయం మిగులుతుంది.

అమ్మ సంగతి అడగవద్దన్నావు. అడగను. నాకు తెలిసింది మాత్రం చెప్తాను, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పొద్దున చేపలు కావాలని నేను ఏడ్చాను. అమ్మ లేవలేకుండా పడుకుని ఉంటే చెయ్యి పట్టి లాగాను. అందుకే వాగుకి వెళ్లింది. డాక్టరు ఎన్ని రుజువులు అడిగినా ఈ ఒక్కటి నా పక్షాన సాక్ష్యం చెప్పదు.

భూషణం


ఆవపల్లి,
15 జూలై 2002

భూషణం,

నీ ఒట్టు నువ్వే వెనక్కి తీసుకో. సోమమ్మ నర్సు చదివిన మనిషి. తెల్లచీర కట్టుకుని, జ్వరం చూసే గాజుపుల్ల పట్టుకుని తిరుగుతుంది. పూనకం లేదు, వేపమండలు లేవు. నువ్వు రాసింది ఆమెకు చెప్పాను, తిడుతుందనుకున్నా. నవ్వి, "మీ తమ్ముడు భయపడ్డడు, అంతే గద. భయపడ్డోళ్లు ఒట్లు పెడ్తరు" అంది.

నీ డాక్టరు ఆలోచనను నిలదీస్తాడు. మా సోమమ్మ బాధను కూర్చోబెట్టి నీళ్లిస్తుంది. నాకు ఇదే మేలనిపిస్తుంది. చిన్న చిన్న పనులు చేయమనడం మగవాళ్లకు పనికొస్తుందేమో. నాకు పనులు లేకనా? నారు తీస్తున్నాను, వండుతున్నాను, పశువులకు కుడితి పెడుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. నేను మాత్రం అక్కడ ఉండను. మొన్న పొయ్యి మీద అన్నం మాడి పొగ కమ్మేసింది, పక్కనే కూర్చుని ఉన్నానట. బావ పరుగెత్తుకొచ్చి, "ఏంది సారలమ్మా, ముక్కు పనిజెయ్యదా నీకు?" అని అరిచాడు. కొట్టినట్టనిపించింది కానీ ఏడుపు రాలేదు.

వరండాలో నా వంతు వచ్చింది. నేను తోడు వచ్చినదాన్నని చెప్పాను. సోమమ్మ నా ముఖం చూసి, సరే అంది.

చేపల సంగతి మళ్లీ ఎత్తకు.

నా వెండి కడియాలు నందేకి ఇచ్చేశాను, నాకు వాటితో పనేముంది? ఇత్తడి బిందె బుల్లమ్మకు పంపుతాను, ఎవరైనా వచ్చేవాళ్లుంటే. ఆమెను బాగా చూసుకో, కంచాలు విసరకు. మీరిద్దరూ ఒకరికొకరు ఉన్నారు, నాకు అదే ధైర్యం. బావకు వంట రాదు, అదొక్కటే బెంగ. రోడ్డు బాగాలేదు. నువ్వు ఇటు రావద్దు.

నేను బాగున్నాను.

సారలమ్మ


బచేలి,
26 జూలై 2002

అక్కా,

నీ ఉత్తరంలో చేపల సంగతి ఎత్తకు అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. తప్పు నాదేనని నువ్వూ ఇన్నాళ్లూ అనుకుంటున్నావని అర్థం చేసుకున్నాను. మళ్లీ ముసుగు, మళ్లీ డ్యూటీ లేదు. బుల్లమ్మ బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఇదిగో రుజువు అని నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను.

కడియాల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ ముక్క మళ్లీ చదవండి."

చదివాను.

"బావగారికి వంట రాదన్నది కూడా చదవండి." అదీ చదివాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, "భూషణంగారూ, ఈ ఉత్తరంలో మీ మీద కోపమేం లేదు. ఇది మీ అక్కగారి ఉత్తరం. ఆవిడ గురించి రాసుకున్నది" అన్నాడు.

అప్పుడు చదివాను అక్కా, నిజంగా. పెరట్లో పాదులు పెట్టకపోవడం, ఇప్పపువ్వుకు పోకపోవడం, మాడిన అన్నం. తోడు వచ్చినదాన్నని చెప్పడం. నీ రెండు ఉత్తరాల్లోనూ నా భయమే చదువుకున్నాను, నిన్ను చదవలేదు. "మాటల్లో పెట్టి అడగండి, డొంకతిరుగుడు వద్దు" అన్నాడు డాక్టరు. అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందేమోనన్నాను. "పుట్టదు. ఉన్నదైతే బయటికొస్తుంది. అడిగేవాళ్లు లేకనే చాలామంది లోపల పెట్టుకుంటారు" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను.

అక్కా, నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?

కోప్పడినా సరే, జవాబు రాయి. సోమమ్మ వైద్యం గురించి కూడా డాక్టరుకు చెప్పాను. తప్పుపడతాడనుకుంటే, మంచి మనిషి దొరికిందన్నాడు. ఆలోచనను పట్టుకుని లాగితే కొందరికి ముడి విడుతుందట. కొందరికి బాధను బాధగా ఒప్పుకుంటే తప్ప ఊపిరాడదట. ఒకే మనిషికి ఒకప్పుడు అదీ, ఒకప్పుడు ఇదీ కావాలట. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు మనిషి ఒంటరిగా ఉండకూడదు, మాత్రలు మొదలవ్వాలి, మిగతావన్నీ ఆ తర్వాతే అన్నాడు.

బావకు వేరే ఉత్తరం రాశాను. పురుగుమందు ఇంట్లో ఉంచవద్దని, నిన్ను ఒక్కదాన్నే వదలవద్దని. దాచి రాయడం నాకు ఇష్టం లేదు, అందుకే నీకూ చెప్తున్నాను.

నీ జవాబు కోసం పోస్టాఫీసు దగ్గరే ఉంటాను.

భూషణం


ఆవపల్లి,
6 ఆగస్టు 2002

తమ్ముడూ,

అవును.

ఈ మాట రాసి కాగితం బోర్లా పెట్టాను. నందే వచ్చి మళ్లీ తిప్పి నా చేతికిచ్చింది. ఆమెకు చదువు రాదు కానీ నా ముఖం చదివింది.

ఎండాకాలం ముందు నుంచే ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేను. పిల్లలు పుట్టలేదని అనుకునేదాన్ని, అది ఎప్పుడో పాతబడిపోయిన బాధ. ఒక కారణం ఉంటే బాగుండేది. పొద్దున కళ్లు తెరిస్తే ఇంకో రోజు వచ్చిందే అని భయం వేస్తుంది. నేను లేకపోతే అందరికీ తేలిక అని ఒక గొంతు చెప్తూ ఉంటుంది, అచ్చం నా గొంతే. నిన్ను చూసి భయపడటం నాకు సులువైంది తమ్ముడూ. నీ గురించి భయపడుతున్నంతసేపూ నా గురించి చూసుకోనక్కర్లేదు.

బావ నీ ఉత్తరం పట్టుకుని నా ఎదురుగా కూర్చుని, "నాకెందుకు చెప్పలే?" అన్నాడు. అంతే అన్నాడు. పురుగుమందు డబ్బాలు తీసుకెళ్లి వాళ్ల అన్న కొట్టంలో పెట్టి వచ్చాడు. వచ్చి మళ్లీ నా ఎదురుగానే కూర్చున్నాడు. సోమమ్మ దవాఖాన డాక్టరమ్మను పిలిపించి మాత్రలు మొదలుపెట్టింది. నందే, సోమమ్మ, బావ, వంతులేసుకున్నట్టు ఎవరో ఒకరు నా పక్కనే ఉంటున్నారు. విసుగ్గా ఉంది. ధైర్యంగా కూడా ఉంది.

ఇక అమ్మ సంగతి. రాస్తే నీకు ప్రమాదమేమోనని ఇన్నాళ్లూ రాయలేదు. అమ్మ పోయినట్టే పోతానని నువ్వు రాశాక, అమ్మ తానుగా పోయిందని నేనెలా చెప్పను? అబద్ధమే నీకు కంచె అనుకున్నాను. సోమమ్మను అడిగాను. "ఆయనకు తెలిసిపోయింది గదమ్మా. తెలిసినదాన్ని ఒక్కడే మోస్తున్నడు" అంది.

అమ్మ కాలు జారలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకోకుండా నీళ్లలోకి నడిచింది. నేను పిలిచాను, వెనక్కి తిరగలేదు. కాలు జారిందని చెప్పమని నాన్న చెప్పాడు, చెప్పాను. కానీ ఇది విను. ఆ ఏడు ఎండాకాలంలోనే అమ్మ ఒకసారి అలా వెళ్లింది, నాన్న జుట్టు పట్టి లాక్కొచ్చాడు. నీకు తెలియదు, నువ్వు అప్పుడు బాసగూడలో అత్తమ్మ దగ్గర ఉన్నావు. అంటే నువ్వు చేపలకు ఏడవకముందే అమ్మకు ఆ జబ్బు ఉంది. ఆ రోజు నువ్వు ఏడవకపోయినా ఆమె వెళ్లేది. చేపల సంగతి ఎత్తకు అన్నది నిన్ను తప్పుపట్టి కాదు. ఎత్తితే ఇదంతా చెప్పాల్సి వస్తుందని.

అమ్మను ఎవరూ అడగలేదు భూషణం. నాన్న కొట్టాడు, అత్తమ్మ పూజ చేయించింది. ఎట్లుందే అని ఎవరూ అడగలేదు.

వీలైతే రా. వాన పడుతుంటే మాత్రం రావద్దు.

అక్క


బీజాపూర్,
13 ఆగస్టు 2002

అక్కా,

బస్టాండు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఆవపల్లి బస్సు లేదు. దారిలో వాగు పొంగింది, అవతలికి ఎవరూ పోవడం లేదన్నారు. నీ వైపు వెళ్లే పోస్టు మనిషి మాత్రం నీళ్లు తగ్గగానే ఎలాగైనా దాటతాడట, ఈ చీటీ అతని చేతికి ఇస్తున్నాను. నాకంటే ముందు చేరితే, నేను బయల్దేరానని నీకు తెలియాలి. ఎక్కడికీ వెళ్లకు. నేను వచ్చేదాకా నందే పక్కనే ఉండు.

నాకు భయంగా ఉంది. వరద గురించి కాదు. నీళ్ల పక్కన నిలబడితే నా కాళ్లు ఏం చేస్తాయోనని. పొద్దున వాగు దాకా వెళ్లి చూశాను. ఎర్రగా పారుతోంది, దుంగలు కొట్టుకుపోతున్నాయి. బెల్టు దగ్గర ఉన్నట్టే ఉంది. నేను అమ్మ కొడుకునన్న ఆలోచన వచ్చింది. రుజువేంటని అడుక్కున్నాను, డాక్టరు నేర్పినట్టే. ఆ చప్పుడులో నా ప్రశ్న నాకే వినపడలేదు. అప్పుడు నీ వరండా పద్ధతి గుర్తొచ్చింది. పక్కన బుధ్రాం అనే ముసలాయన ఉన్నాడు, ఆయనా మీ ఊరికే పోవాలి. సిగ్గు విడిచి, "తాతా, నాకు నీళ్లంటే భయం. కడుపులో పట్టుకున్నది. దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటవా?" అన్నాను. ఎందుకని అడగలేదు. "పట్టుకుంట. నాకు గూడ భయమే" అన్నాడు.

రేపు నీళ్లు తగ్గితే దాటతాం.

భూషణం


ఆవపల్లి,
17 సెప్టెంబర్ 2002

తమ్ముడు భూషణానికి, మరదలు బుల్లమ్మకు,

మీ దగ్గర ఉండి మీ డాక్టరుకు చూపించుకున్నాక, బచేలి నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. బావ వంట నేర్చుకున్నాడు, ఉప్పు తప్ప అన్నీ సరిగ్గా వేస్తాడు. ఆయన నాటు వేయించిన మడి ఇప్పుడు పచ్చగా ఉంది.

నువ్వు వచ్చిన రోజు నాకు సరిగ్గా గుర్తులేదు. మొల దాకా బురదతో, ఆ ముసలాయన చెయ్యి వదలకుండా గుమ్మంలో నిలబడటం గుర్తుంది. "ఒడ్డు ఎక్కినంక గూడ వదులుతలేడు మీవోడు" అని బుధ్రాం తాత నవ్వాడు. నువ్వు నవ్వలేదు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నావు. ఏదో ఒకటి చెప్తావని, బతకాలి అక్కా అంటావని ఎదురుచూశాను. అలా అని ఉంటే నాకు ఇంకా దూరమైపోయేవాడివి. "నాకు భయమైతున్నది అక్కా, నువ్వు పోతవని" అన్నావు. అంతే. అప్పుడు ఏడుపు వచ్చింది నాకు, ఎండాకాలం తర్వాత మొదటిసారి.

ఆ సంత రోజున వరండాలో ఆడవాళ్ల మధ్య నువ్వొక్కడివే మగవాడివి. నీకు గుర్తుందో లేదో, నీ వంతు వచ్చినప్పుడు అమ్మ గురించి చెప్పి, "రుజువు దొరికింది, తప్పు నాది కాదని తెలిసింది. అయినా ఇక్కడ బరువు పోలేదు" అని కడుపు మీద చెయ్యి పెట్టుకున్నావు. నందే, "పోదు తమ్మీ, ఉండనీయ్. పక్కకు జరుగుతది" అంది.

మీ డాక్టరు గురించి నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను, అన్నీ కాదు. ఆయన గదిలో కూర్చుంటే నాకు భయంగానే ఉండేది. నేను లేకపోతే అందరికీ తేలిక అన్న మాటను ఆయన పట్టుకుని, అది ఎవరికి తేలికో చెప్పమన్నాడు. బావకా అన్నాడు. బావ మందు డబ్బాలు నెత్తిన పెట్టుకుని వాళ్ల అన్న ఇంటికి నడవడం కళ్ల ముందు కదిలింది. నందేకా అన్నాడు. కాగితం తిప్పి నా చేతికిచ్చిన నందే గుర్తొచ్చింది. ఆ గొంతు అబద్ధం చెప్తుందని మొదటిసారి అప్పుడు అనిపించింది. వరండాలో ఎంత ఏడ్చినా ఆ గొంతును ఎవరూ ఎదురు ప్రశ్న అడగలేదు. ఇది సోమమ్మకు చెప్తే ఆలోచించింది. ఆమె గొప్పతనం అదే, ఒప్పుకుంటుంది. ఏడవడం అయ్యాక ఆ ప్రశ్న కూడా అడుగుతానంది.

కానీ ముందే అడిగి ఉంటే, ఏడవకముందే, నేను ఆయన గదిలోంచి లేచి వచ్చేసేదాన్ని. ఈ వరస ఎలా ఉండాలో మీ డాక్టరుకు చెప్పు, ఆయనకూ పనికొస్తుంది.

బాగయ్యానని రాయను. మొన్న రెండు రోజులు మళ్లీ ఆ గొంతు వచ్చింది. రాగానే బావకు చెప్పాను. ఆయన భయపడ్డాడు, ఆ భయం దాచుకోలేదు. ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. తెల్లవార్లూ కాదులే, నిద్ర వచ్చేదాకా. మాత్రలు మానలేదు.

బుల్లమ్మ పంపిన ఆవకాయ నందే ఇంటికీ ఇచ్చాను. వాళ్ల ఇంట్లో మళ్లీ అన్నం వండుతున్నారు.

అక్క
సారలమ్మ


బచేలి,
3 అక్టోబర్ 2002

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం డాక్టరుకు చూపించాను. వరస గురించి నువ్వు రాసింది చదివి, మీ అక్కగారు చెప్పింది రాసుకుంటానన్నాడు. నిజంగానే రాసుకున్నాడు. ఆ గొంతు మళ్లీ వచ్చిందన్నందుకు నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. బావకు చెప్పావన్న ముక్క చదివాక కాస్త కుదుటపడ్డాను. ఇలాగే రాయి, మంచివే ఏరి రాయకు.

నేను డ్యూటీకి పోతున్నాను. బెల్టు దగ్గరికి ఇంకా పంపలేదు, నేనూ అడగలేదు. కంచం మళ్లీ విసరలేదు కానీ ఒకసారి ఎత్తాను. బుల్లమ్మ నా చేతి వైపు చూసి, "ఏమొచ్చింది? కోపమా, భయమా?" అంది. ఆలోచిస్తే భయమే. కంచం దించాను. నీ వరండా మాటలు మా ఇంట్లో బుల్లమ్మే ఎక్కువ వాడుతోంది.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. కొండ మీద ఖనిజాన్ని తవ్వి ఎత్తే షావెల్ యంత్రం నడిపే సింహాచలం అని ఉన్నాడు, విజయనగరం వైపు మనిషి. గట్టిగా నవ్వే మనిషి, పండగలకు మొదట డప్పు అందుకునేది అతనే. నిన్న సాయంత్రం మా క్వార్టరుకు వచ్చాడు. ఎందుకొచ్చావంటే ఇటు పోతూ వచ్చానన్నాడు. అతని ఇల్లు అటు వైపు కాదు. కూర్చోమంటే గుమ్మంలోనే నిలబడ్డాడు. "భూషణం బావా, నువ్వు ఆసుపత్రిలో ఎవులితోనో మాట్లాడతన్నావంట కదా. ఏటి మాట్లాడతారేటి అక్కడ?" అన్నాడు, నవ్వుతూనే. చేతిలో చెప్పులు ఉన్నాయి, వేసుకోవడం మర్చిపోయి వచ్చినట్టుంది.

నాకు వెంటనే అర్థమైంది అక్కా. అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది. డాక్టరు ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు, నాకెందుకు, నేనే అంతంత మాత్రం అని లోపల ఒకటే పాట. మాట తప్పుగా అడిగితే ఏమవుతుందోనని. అతను ఆ రాత్రే ఏమైనా చేసుకుంటే అది నా వల్లేనని జీవితాంతం మోయాలేమోనని.

అయినా అడిగాను. నిన్ను అడిగిన మాటే.

అతని నవ్వు ఆగిపోయింది. చెప్పులు కింద పెట్టి లోపలికి వచ్చి కూర్చున్నాడు. బుల్లమ్మ టీ పెట్టింది, అతను తాగలేదు, గ్లాసు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. నాకు భయంగా ఉందని మాత్రం చెప్పాను. తల ఊపాడు. రాత్రి మా ఇంట్లోనే పడుకోమన్నాను, పడుకున్నాడు.

పొద్దున లేచి చూస్తే చాప మీదే ఉన్నాడు. ఇప్పుడు డాక్టరు గది బయట బల్ల మీద మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని ఉన్నాం. ఇక్కడే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లోపల్నుంచి అతని పేరు పిలిచారు. అతను లేవలేదు, నా వైపు చూశాడు. ఇద్దరం లేస్తున్నాం.

భూషణం